ఉరిశిక్షకు, యావజ్జీవ శిక్షకు అయ్యే ఖర్చును సరిగ్గా పోల్చడం ఎలా?

ఘోరమైన హత్య కేసులో తీర్పు వెలువడిన ప్రతిసారీ, దోషిని జీవితాంతం ప్రజల పన్నుల డబ్బుతో జైల్లో మేపడం కంటే ఉరి తీస్తే ప్రభుత్వానికి ఖర్చు తగ్గుతుంది కదా అనే ప్రశ్న పాఠకుల నుంచి వస్తూనే ఉంటుంది. దానికి జవాబుగా, మరణశిక్షకే ఎక్కువ ఖర్చవుతుందని అమెరికాలో ఎప్పుడో తేలిపోయిందని మరికొందరు రాస్తారు. మొదటి వాదన ఉరితాడు ధరను ఇరవై ఏళ్ల భోజన ఖర్చుతో పోలుస్తోంది. రెండోది మరో దేశపు కోర్టుల ఖర్చును తెచ్చి మన ఖాతాలో వేస్తోంది.

మన దేశానికి సంబంధించి ఈ పోలికను ఓపిక ఉన్నవారు ఎవరైనా పద్ధతి ప్రకారం చేసుకోవచ్చు. అందుకు కావలసిన సమాచారంలో చాలా భాగం బడ్జెట్ పుస్తకాల్లో, కోర్టు రికార్డుల్లో, జైళ్ల శాఖ దగ్గర ఉంటుంది. లా విద్యార్థులు, విలేకరులు, వక్తృత్వ పోటీలకు సిద్ధమయ్యేవారు పదేపదే అడుగుతున్నందున ఆ పద్ధతిని ఇక్కడ వరుసగా ఇస్తున్నాను. ఉరిశిక్ష ఉండాలా వద్దా అన్నది ఈ లెక్కతో తేలే విషయం కాదు. అయితే ఖర్చు పేరుతో ఎవరైనా వాదిస్తున్నప్పుడు ఆ ఖర్చు నిజమైనదై ఉండాలి. మనిషి ప్రాణానికి సంబంధించిన చర్చలో తప్పుడు అంకె వాడడం చిన్న పొరపాటు కాదు.

1. లెక్క మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసిన నాలుగు విషయాలు

ఈ నాలుగింటినీ కాగితం మీద రాసుకోకుండా అంకెల కోసం వెతకడం మొదలుపెడితే, చివరికి వచ్చే ఫలితం దేనికి జవాబో మీకే తెలియకుండా పోతుంది.

మొదటిది, ఎవరి ఖర్చు అన్నది. రాజ్యాంగం ప్రకారం జైళ్లు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. సెషన్స్ కోర్టు, హైకోర్టుల ఖర్చును రాష్ట్రం భరిస్తుంది. సుప్రీంకోర్టు ఖర్చు, రాష్ట్రపతికి చేరే క్షమాభిక్ష దరఖాస్తును పరిశీలించే కేంద్ర హోంశాఖ ఖర్చు కేంద్రానివి. జైళ్ల శాఖ పద్దు ఒక్కటే చూసి లెక్క వేస్తే, ఉరిశిక్ష కేసులో ఖరీదైన దశలన్నీ కంటికి కనిపించకుండా పోతాయి. కాబట్టి కేంద్ర, రాష్ట్రాల ఖర్చును కలిపే లెక్కించండి.

రెండోది, ఎక్కడి నుంచి లెక్కించాలి అన్నది. హత్య జరిగినప్పుడు శిక్ష ఏదైనా దర్యాప్తు జరగాలి, శవపరీక్ష జరగాలి, సాక్షుల విచారణ జరగాలి. రెండు వైపులా సమానంగా ఉండే ఖర్చును పూర్తిగా వదిలేయండి. తేడా ఎక్కడ మొదలవుతుందో అక్కడి నుంచి లెక్కిస్తే చాలు. పని సగానికి సగం తగ్గుతుంది.

మూడోది, ఏ యావజ్జీవ శిక్షతో పోలుస్తున్నారు అన్నది. ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మన దేశంలో యావజ్జీవ శిక్ష ఆచరణలో మూడు రకాలుగా ఉంది. మామూలు యావజ్జీవ శిక్షలో, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 475వ సెక్షన్ ప్రకారం, మరణశిక్ష కూడా విధించదగిన నేరమైతే కనీసం 14 ఏళ్లు పూర్తికాకుండా విడుదల చేయకూడదు. ఆ తర్వాత కూడా విడుదల హక్కేమీ కాదు, ప్రభుత్వ నిర్ణయం. రెండో రకంలో హైకోర్టు లేదా సుప్రీంకోర్టే 20, 25, 30 ఏళ్లని గడువు నిర్ణయించి, అంతవరకు శిక్ష తగ్గింపు ఇవ్వకూడదని ఆదేశిస్తుంది. స్వామి శ్రద్ధానంద కేసులో 2008లో సుప్రీంకోర్టు అనుసరించిన ఈ పద్ధతిని 2015లో శ్రీహరన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. మూడో రకం, చనిపోయేవరకు జైలు. ఉరిశిక్షను తగ్గించే కోర్టు తరచుగా ఎంచుకునేది రెండో రకాన్ని కాబట్టి, ఉరికి అసలైన ప్రత్యామ్నాయం అదే. 14 ఏళ్లకు లెక్క కడితే యావజ్జీవం అన్యాయంగా చౌకగా కనిపిస్తుంది.

నాలుగోది, దేనికి ఒక్కింటికి ఎంత అన్నది. మరణశిక్ష పడిన ఒక్కో మనిషికి అయిన ఖర్చు వేరు, అమలైన ఒక్కో ఉరికి అయిన ఖర్చు వేరు. ఈ రెండింటి మధ్య పదుల రెట్ల తేడా రావచ్చు. రెండూ సరైనవే, ఏది ఇస్తున్నారో చెప్పకపోవడమే తప్పు.

2. సమాచారాన్ని ఎక్కడి నుంచి, ఎలా తెచ్చుకోవాలి

రాష్ట్ర బడ్జెట్ పుస్తకాల్లో మూడు పద్దులు తీయండి. 2056 అనేది జైళ్ల పద్దు, 2014 న్యాయపాలన పద్దు, 2055 పోలీసు పద్దు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ ఇవే అంకెలు ఉంటాయి, ఎందుకంటే పద్దుల సంఖ్యలు దేశమంతటా ఒకటే. అంచనా వ్యయం కాకుండా వాస్తవ వ్యయం ఉన్న గడిని తీసుకోండి. అది రెండేళ్ల వెనకటిదిగా ఉంటుంది. అయినా అదే నమ్మదగినది.

తర్వాత జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రచురించే జైళ్ల గణాంకాల నివేదిక. ఖైదీల మీద చేసిన ఖర్చు భోజనం, బట్టలు, వైద్యం, చదువు, వృత్తిశిక్షణ వంటి తరగతులుగా రాష్ట్రాలవారీగా అందులో ఉంటుంది. 2022 నివేదిక ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. జైళ్ల ఖర్చంతా శిక్ష పడినవారి మీదే పెడుతున్నట్టు ఎవరైనా రాస్తే ఈ అంకె చూపించండి.

ఉరిశిక్ష పడినవారి సంఖ్యకు, కేసుల గమనానికి ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో ప్రాజెక్ట్ 39ఏ బృందం వెలువరించిన వార్షిక నివేదికలు ఉపయోగపడతాయి. ఒక్కో కేసు ఎన్ని వాయిదాలు నడిచిందో ఈ-కోర్ట్స్ సైటులో కేసు నంబరు కొట్టి లెక్కపెట్టుకోవచ్చు. విసుగు పుట్టించే పనే, కానీ వాయిదాల సంఖ్యను ఊహించి రాయడం కంటే పది కేసులైనా నిజంగా లెక్కపెట్టడం మేలు.

మిగిలినదానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. జిల్లా, రాష్ట్ర స్థాయి కార్యాలయాలకు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "ఉరిశిక్ష ఖైదీకి ఎంత ఖర్చవుతుంది?" అని అడిగితే "అటువంటి సమాచారం మా వద్ద లేదు" అనే జవాబే వస్తుంది, ఎందుకంటే ఆ రూపంలో లెక్క ఎవరూ రాయరు. రికార్డులో ఉండేదాన్ని అడగాలి.

జైళ్ల శాఖను అడగవలసినవి:
- గత అయిదేళ్లలో ఏటేటా ఉరిశిక్ష ఖైదీలు ఎంతమంది, ఏ జైల్లో ఎంతమంది
- ఉరిశిక్ష ఖైదీల గదుల దగ్గర ఒక్కో షిఫ్టుకు ఎంతమంది వార్డర్లకు డ్యూటీ వేస్తున్నారు
- ఖైదీకి రోజుకు మంజూరైన భోజన వ్యయం, ఆ ఉత్తర్వు నకలు
- జైలు పరిశ్రమలు, పెట్రోలు బంకులు, వ్యవసాయం మీద ఏటా వచ్చిన ఆదాయం

హోంశాఖను, న్యాయశాఖను అడగవలసినవి:
- ఫలానా కేసులో స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు ఫీజు నిర్ణయించిన జీవో నకలు, చెల్లించిన మొత్తం
- సుప్రీంకోర్టులో రాష్ట్రం తరఫున వాదించిన న్యాయవాదులకు చెల్లింపులు

న్యాయ సేవాధికార సంస్థను అడగవలసినవి:
- మరణశిక్ష కేసుల్లో ప్రభుత్వ ఖర్చుతో నియమించిన న్యాయవాదుల ఫీజుల పట్టిక

3. యావజ్జీవ శిక్ష వైపు లెక్క

జైళ్ల పద్దులోని మొత్తం వ్యయాన్ని ఖైదీల సంఖ్యతో భాగిస్తే ఒక్కో ఖైదీకి సగటు ఖర్చు వస్తుంది. ఈ అంకె తేలికగా దొరుకుతుంది, తప్పుదారి కూడా అంతే తేలికగా పట్టిస్తుంది. జైలు ఖర్చులో పెద్ద వాటా సిబ్బంది జీతాలది. రెండు వేల మంది ఉన్న కేంద్ర కారాగారంలో ఒక్క మనిషి తగ్గితే ఒక్క వార్డర్ జీతమైనా మిగలదు. మిగిలేది ఆ మనిషి భోజనం, బట్టలు, మందుల ఖర్చు మాత్రమే. అందువల్ల సగటు ఖర్చు, అదనపు ఖర్చు అని రెండు గళ్లు పెట్టుకుని రెండూ రాయండి. ఒకరిని ఉరి తీస్తే ఎంత ఆదా అని అడిగేవారికి చెప్పవలసింది రెండో గడిలోని అంకె.

ఆ తర్వాత రాబడిని తీసివేయాలి. యావజ్జీవ ఖైదీ పని చేస్తాడు. తెలంగాణ జైళ్ల శాఖ మై నేషన్ పేరుతో వస్తువులు తయారుచేసి అమ్ముతోంది, పెట్రోలు బంకులు నడుపుతోంది. చర్లపల్లిలోనూ అనంతపురంలోనూ ఖైదీల వ్యవసాయ క్షేత్రాలున్నాయి. ఖైదీకి ఇచ్చే కూలి పోగా శాఖకు మిగిలినదాన్ని ఖర్చులోంచి మినహాయించాలి. ఉరిశిక్ష పడి ప్రత్యేక గదిలో ఉన్న ఖైదీ వల్ల ఈ రాబడి సాధారణంగా ఉండదు.

వయసు పెరిగే కొద్దీ వైద్యం ఖర్చు పెరుగుతుంది కాబట్టి, 30 ఏళ్ల గడువు ఉన్న శిక్షకు చివరి పదేళ్లను మొదటి పదేళ్ల ధరతో లెక్కించకండి.

ఇక డబ్బు విలువ సంగతి. ఇరవై ఏళ్ల తర్వాత పెట్టబోయే 100 రూపాయలు, 7 శాతం వడ్డీ రేటున, నేటి విలువలో సుమారు 26 రూపాయలే. యావజ్జీవ శిక్ష ఖర్చు ఏళ్ల తరబడి పరుచుకుని ఉంటుంది. మరణశిక్షలో కోర్టుల ఖర్చు ముందే పడుతుంది. కాబట్టి నేటి విలువకు మార్చిన ప్రతిసారీ యావజ్జీవం ఇంకా చౌకగా కనిపిస్తుంది. ధరల పెరుగుదల కూడా ఉంటుంది కనుక, అన్నింటినీ ఒకే సంవత్సరపు ధరల్లో రాసి, వడ్డీ లేకుండా ఒకసారి, 3 శాతంతో మరోసారి లెక్కించి రెండూ చూపించడం నిజాయితీ గల పద్ధతి.

4. మరణశిక్ష వైపు లెక్క, దశలవారీగా

చాలామంది ఉరితీతకు అయ్యే ఖర్చు దగ్గరే ఆగిపోతారు. బీహార్‌లోని బక్సర్ జైలు నుంచి వచ్చే తాడు, తలారి పారితోషికం, ముందుగా చేసే ఇసుక బస్తా పరీక్ష, ఆ రోజు డాక్టరు, మేజిస్ట్రేట్ హాజరు, జైలు బయట బందోబస్తు అన్నీ కలిపినా మొత్తం లెక్కలో అది చిన్న భాగమే. అసలు ఖర్చు అంతకు ముందు గడిచే సంవత్సరాల్లో ఉంది.

4.1 సెషన్స్ కోర్టు

దోషిగా తేలాక శిక్ష మీద విడిగా విచారణ జరగాలి. 1980 నాటి బచన్ సింగ్ తీర్పు ప్రకారం అరుదైన కేసుల్లోకెల్లా అరుదైనదైతేనే ఉరి వేయాలి. ఆ నిర్ణయానికి ముందు ప్రొబేషన్ అధికారి నివేదిక, జైల్లో ప్రవర్తనపై నివేదిక, మానసిక స్థితిపై నిపుణుల నివేదిక తెప్పించాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాసిక్యూషన్ ఉరిశిక్ష కోరని కేసులో ఈ పనంతా ఉండదు. ఈ నివేదికలకు పట్టే అధికారుల పనిదినాలను, పెరిగిన వాయిదాలను ఇక్కడ రాయండి.

4.2 హైకోర్టు ధ్రువీకరణ

ముద్దాయి అప్పీలు చేసినా చేయకపోయినా, ఉరిశిక్ష తీర్పును సెషన్స్ కోర్టు సురక్షా సంహిత 407వ సెక్షన్ కింద హైకోర్టుకు పంపి తీరాలి. కనీసం ఇద్దరు న్యాయమూర్తులు ధ్రువీకరించాలి. హైకోర్టు తలుచుకుంటే అదనపు సాక్ష్యం కూడా తీసుకోవచ్చు. యావజ్జీవం పడిన కేసు కూడా అప్పీలుకు వెళుతుంది కాబట్టి మొత్తం హైకోర్టు ఖర్చును మరణశిక్ష ఖాతాలో వేయకండి. రెండింటి మధ్య వాయిదాల తేడాను మాత్రమే వేయండి.

4.3 సుప్రీంకోర్టు

మరణశిక్ష కేసు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ముందుకు వెళుతుంది. 2014లో మహమ్మద్ ఆరిఫ్ కేసు తర్వాత రివ్యూ పిటిషన్‌ను (తీర్పును మళ్లీ పరిశీలించమని కోరే దరఖాస్తును) కూడా బహిరంగ కోర్టులో విని తీరాలి. మిగతా కేసుల్లో రివ్యూ సాధారణంగా న్యాయమూర్తుల చాంబర్‌లోనే ముగుస్తుంది. ఢిల్లీలో ప్రభుత్వ న్యాయవాదుల ఫీజు, తెలుగులో ఉన్న వాంగ్మూలాలు, పంచనామాల అనువాదం, పేపర్ బుక్కుల (కేసు పత్రాల సంపుటాల) తయారీ, రాష్ట్ర అధికారుల ప్రయాణాలు ఇక్కడికి వస్తాయి. అనువాదం ఖర్చును ఎవరూ రాయరు. వందల పేజీల రికార్డున్న కేసులో అది తీసిపారేసేది కాదు.

4.4 క్షమాభిక్ష, ఆ తర్వాతి పిటిషన్లు

రాజ్యాంగం 161వ అధికరణం కింద గవర్నర్‌కు, 72వ అధికరణం కింద రాష్ట్రపతికి దరఖాస్తు వెళుతుంది. ఇక్కడ కోర్టు ఫీజులుండవు. జైలు సూపరింటెండెంట్ నుంచి కేంద్ర హోంశాఖ వరకు ఫైలు కదిలినంత కాలం సిబ్బంది సమయమే ఖర్చు. తిరస్కరణ తర్వాత మళ్లీ రిట్ పిటిషన్లు వస్తాయి. 2014 జనవరిలో శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు ఒకే తీర్పుతో 15 మంది ఉరిశిక్షలను యావజ్జీవంగా మార్చింది. వాటిలో ఎక్కువ భాగానికి కారణం క్షమాభిక్ష నిర్ణయంలో జరిగిన జాప్యం. అంటే ఆ కేసుల్లో మరణశిక్ష ఖర్చు మొత్తం పెట్టాక, యావజ్జీవ ఖర్చు కూడా ప్రభుత్వం మీద పడింది.

4.5 ప్రత్యేక గది, కాపలా

1894 జైళ్ల చట్టం 30వ సెక్షన్ ప్రకారం ఉరిశిక్ష ఖైదీని మిగతావారికి దూరంగా గదిలో ఉంచి, పగలూ రాత్రీ కాపలా పెట్టాలి. న్యాయ మార్గాలన్నీ ముగిశాకే ఇది వర్తిస్తుందని 1978లో సునీల్ బత్రా తీర్పు చెప్పింది కాబట్టి, ఏ జైల్లో నిజంగా ఏం జరుగుతోందో సమాచార హక్కు జవాబును బట్టి లెక్కించాలి.

కాపలాను డబ్బులోకి మార్చే పద్ధతి ఇది. ఒక స్థానంలో ఇరవైనాలుగు గంటలూ మనిషి ఉండాలంటే ఒక ఉద్యోగి చాలడు. రోజుకు మూడు షిఫ్టులు, వారానికి 21 షిఫ్టులు. వారానికి ఆరు షిఫ్టులు చేసే ఉద్యోగులైతే ముగ్గురున్నర మంది కావాలి. సెలవులు, శిక్షణ, అనారోగ్యం కలిపితే నలుగురికి పైగా. ఆ నలుగురి ఏడాది జీతాన్ని, ఆ స్థానం నుంచి ఎంతమంది ఖైదీలను చూస్తున్నారో ఆ సంఖ్యతో భాగించండి. పదిమంది ఉన్న వరుసకు ఒక కాపలా అయితే తలసరి ఖర్చు తక్కువ. ఒక్కడే ఉన్న జైల్లో నలుగురి జీతమూ అతని ఖాతాలోకే వస్తుంది.

4.6 వారంటు, అమలు

అమలు తేదీ ఒకటే ఉంటుందని అనుకోకండి. నిర్భయ కేసులో 2020 జనవరి 22, ఫిబ్రవరి 1, మార్చి 3, మార్చి 20 తేదీలకు వరుసగా వారంట్లు జారీ అయ్యాయి. తిహార్ జైల్లో నలుగురినీ ఉరి తీసింది నాలుగో తేదీన. వాయిదా పడిన తేదీలకు చేసిన ఏర్పాట్లు కూడా ఖర్చే.

5. ఉరిశిక్ష పడిన వారందరినీ లెక్కలోకి తీసుకోండి

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్క అడుగే గుర్తుపెట్టుకుంటానంటే దీన్ని గుర్తుపెట్టుకోండి. ఉరి అమలైన మనిషిని ఒక్కడిని తీసుకుని యావజ్జీవ ఖైదీతో పోల్చకూడదు. ఉరి పడిన కేసులన్నింటినీ ఒక గుంపుగా తీసుకుని, వాటిలో ఎన్ని ఏ దారిన ముగిశాయో చూడాలి.

2022లో ఒక్క ఏడాదిలోనే సెషన్స్ కోర్టులు 165 మందికి ఉరిశిక్ష వేశాయి. 2024 చివరికి ఉరిశిక్ష ఖైదీలుగా 564 మంది ఉన్నారు. 2000 నుంచి 2024 చివరి వరకు దేశంలో అమలైన ఉరిశిక్షలు ఎనిమిది. మిగిలినవారిలో కొందరికి శిక్ష తగ్గింది, కొందరు నిర్దోషులుగా విడుదలయ్యారు, కొందరి కేసులు మళ్లీ విచారణకు వెళ్లాయి, కొందరు జైల్లోనే చనిపోయారు. వీరందరి మీదా మరణశిక్ష దారిలో ఖర్చు జరిగింది.

తెలుగు నేల మీదే రెండు కేసులు చూడండి. 1993 చిలకలూరిపేట బస్సు దహనం కేసులో ఇద్దరికి పడిన ఉరిశిక్ష సుప్రీంకోర్టు దాకా నిలిచి, 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ నిర్ణయంతో యావజ్జీవంగా మారింది. 2013 దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో ప్రత్యేక కోర్టు 2016 డిసెంబరులో అయిదుగురికి ఉరి వేయగా, తెలంగాణ హైకోర్టు దాన్ని ధ్రువీకరించింది 2025 ఏప్రిల్‌లో. ఒక్క హైకోర్టు దశకే ఎనిమిదేళ్లు దాటింది. ఆ ఎనిమిదేళ్ల జైలు ఖర్చు, అవే ఏళ్లలో యావజ్జీవ ఖైదీకి అయ్యే ఖర్చుకు ఏమాత్రం తగ్గదు.

6. నమూనా లెక్క

కింది అంకెలు పద్ధతి చూపడానికి అనుకున్నవే. వాటి స్థానంలో మీరు సేకరించినవి పెట్టుకోవాలి. ఒక ఖైదీని ఏడాదిపాటు జైల్లో ఉంచడానికయ్యే ఖర్చును ఒక యూనిట్ అనుకుందాం. ఉరిశిక్ష ఖైదీకి కాపలా వల్ల ఏడాదికి 1.5 యూనిట్లు అనుకుందాం. సెషన్స్ కోర్టులో ఉరి పడినవారు పదిమంది.

మరణశిక్ష దారి:
- ఒకరికి పదేళ్ల తర్వాత ఉరి అమలు: జైలు 15, కోర్టులు 6, అమలు ఏర్పాట్లు 1, మొత్తం 22
- ఆరుగురికి అయిదేళ్ల తర్వాత యావజ్జీవంగా మార్పు, ఆపై 15 ఏళ్లు జైలు: ఒక్కొక్కరికి 7.5, 15, కోర్టులు 5, మొత్తం 27.5, ఆరుగురికి 165
- ముగ్గురు అయిదేళ్ల తర్వాత నిర్దోషులు: ఒక్కొక్కరికి 7.5, కోర్టులు 5, మొత్తం 12.5, ముగ్గురికి 37.5
- పదిమందికి కలిపి 224.5

అదే పదిమందికి మొదటే యావజ్జీవం పడి ఉంటే:
- ఏడుగురికి 20 ఏళ్ల జైలు, కోర్టులకు 2: ఒక్కొక్కరికి 22, మొత్తం 154
- ముగ్గురు అయిదేళ్లకు నిర్దోషులు: ఒక్కొక్కరికి 5, కోర్టులకు 2, మొత్తం 21
- పదిమందికి కలిపి 175

ఉరి తీసిన ఒక్కడిని, ఒక యావజ్జీవ ఖైదీని పక్కపక్కన పెడితే 22, 22. తేడా ఏమీ లేదు. గుంపు మొత్తాన్ని చూస్తే మరణశిక్ష దారిలో 49.5 యూనిట్లు ఎక్కువ. అయిదో అడుగు ఎందుకంత ముఖ్యమో ఇక్కడ కనిపిస్తుంది.

ఇక్కడితో ఆగిపోకూడదు. ఊహలను మార్చి చూడాలి. కాపలా భారం 1.1 యూనిట్లకు, మరణశిక్ష కేసుల కోర్టు ఖర్చు అన్నింటికీ 3 యూనిట్లకు తగ్గిస్తే మొత్తం 181.5 అవుతుంది; తేడా 6.5కి పడిపోతుంది. పాత ధరలే ఉంచి, పదిమందిలో అయిదుగురికి ఉరి అమలై, ఇద్దరికే శిక్ష తగ్గిందనుకుంటే మొత్తం 202.5, తేడా 27.5. ఈ రెండు మార్పులూ కలిపి చేస్తే మరణశిక్ష దారి 147.5కి దిగి, యావజ్జీవం కంటే 27.5 యూనిట్లు తక్కువవుతుంది. అంటే ఫలితం రెండు విషయాల మీద ఆధారపడి ఉంది: కోర్టులు, కాపలాల అదనపు ఖర్చు ఎంత, పడిన ఉరుల్లో అమలయ్యేవి ఎన్ని. మన దేశంలో రెండోదాని పరిస్థితి ఏమిటో పై ఎనిమిది అనే అంకె చెబుతోంది.

7. అమెరికా అధ్యయనాలను ఎంతవరకు వాడుకోవచ్చు

పద్ధతి నేర్చుకోవడానికి తప్పకుండా వాడుకోండి. అంకెను మాత్రం ఎత్తుకురాకండి.

కాన్సస్ శాసనసభ ఆడిట్ విభాగం 2003లో మరణశిక్ష కేసు మధ్యస్థ వ్యయం 12.6 లక్షల డాలర్లని, మిగతా హత్య కేసులకు 7.4 లక్షలని తేల్చింది. ఒకే తరహా కేసులను రెండు వైపులా పెట్టడం దాన్నుంచి నేర్చుకోవలసింది. మేరీలాండ్‌పై అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2008లో చేసిన అధ్యయనం, ప్రాసిక్యూషన్ మరణశిక్ష కోరినా పడని కేసుల ఖర్చును కూడా కలిపింది, మొత్తం 18.6 కోట్ల డాలర్లు కాగా, అది పరిశీలించిన కేసుల్లో అమలైన మరణశిక్షలు అయిదు. మన లెక్కలో చాలామంది వదిలేసేది సరిగ్గా ఈ భాగాన్నే.

కాలిఫోర్నియాలో న్యాయమూర్తి అలర్కాన్, మిచెల్ కలిసి 2011లో ప్రచురించిన అధ్యయనం 1978 నుంచి 400 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయని, 13 మరణశిక్షలే అమలయ్యాయని చూపింది. ఒక్కోదానికి 30.8 కోట్ల డాలర్లనే మాట అక్కడి నుంచే పుట్టింది. భాగహారం సరైనదే, కానీ ఒక మనిషిని చంపడానికి అంత ఖర్చయిందని దానికి అర్థం కాదు. వందల మంది మీద అయిన ఖర్చును పదమూడుతో భాగించారు.

మనకు ఆ రెట్లు ఎందుకు వర్తించవంటే, అక్కడ జ్యూరీ ఎంపికకే వారాలు పడుతుంది, శిక్ష మీద మళ్లీ జ్యూరీ ముందు విచారణ నడుస్తుంది, ముద్దాయికి కనీసం ఇద్దరు న్యాయవాదులను ఇస్తారు. మనకు జ్యూరీ లేదు. అక్కడ ఎక్కువ ఖర్చు విచారణ కోర్టులో పడితే, మన దగ్గర పై కోర్టుల్లోనూ జైల్లోనూ పడుతుంది.

ఇంకో తేడా మరణశిక్షను సమర్థించేవారి వాదనకు సంబంధించినది. మరణశిక్ష భయంతో ముద్దాయిలు నేరం ఒప్పుకుని యావజ్జీవానికి రాజీపడతారని, అలా విచారణ ఖర్చు ఆదా అవుతుందని అక్కడ సమర్థకులు వాదిస్తారు. అక్కడ పరిశీలించవలసిన వాదనే అది. మన దేశంలో మరణశిక్ష, యావజ్జీవం, ఏడేళ్లకు మించిన జైలు పడే నేరాల్లో శిక్షపై బేరసారాలకు చట్టం చోటివ్వదు. కాబట్టి ఆ ఆదాను మన లెక్కలో వేయడానికి వీల్లేదు.

8. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

- న్యాయమూర్తి జీతం ఎలాగూ ఇస్తున్నాం కదా అని కోర్టు ఖర్చును సున్నా చేయడం. ఆ ధర్మాసనం అదే రోజుల్లో వినగలిగిన ఇతర అప్పీళ్లు ఆగిపోతాయి. ఏడాది న్యాయపాలన వ్యయాన్ని పనిదినాలతో, ధర్మాసనాల సంఖ్యతో భాగించి, ఒక రోజు ధర రాయండి.
- కోర్టు వైపు సగటు ఖర్చు, జైలు వైపు అదనపు ఖర్చు వాడడం. రెండు వైపులా ఒకే కొలత వాడండి.
- ప్రతి వాయిదాకూ ఆర్మ్‌డ్ రిజర్వ్ ఎస్కార్ట్, వాహనం, బత్తా లెక్కించడం. చాలా హాజరులు ఇప్పుడు వీడియో ద్వారా జరుగుతున్నాయి, వాటిని విడదీయండి.
- కసబ్ కేసు వంటి ఒక్క కేసు భద్రతా ఖర్చును అన్ని కేసులకూ సగటుగా చూపడం. అటువంటివాటిని విడిగా పెట్టి, కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి చూపండి.
- శిక్ష తగ్గినవారి మిగిలిన జైలు ఏళ్లను మరచిపోవడం. నమూనా లెక్కలో అతి పెద్ద మొత్తం ఆ వరుసదే.

9. ఫలితాన్ని రాసేటప్పుడు

ఒకే అంకె ఇవ్వకండి. తక్కువ అంచనా, ఎక్కువ అంచనా రెండూ ఇచ్చి, ఏ ఊహ మారితే ఫలితం తలకిందులవుతుందో పక్కనే రాయండి. "ఉరిశిక్ష ఖరీదైనది" అని రాయడం కంటే "ఫలానా రాష్ట్రంలో, ఫలానా ఏళ్ల మధ్య ఉరి పడిన ఇన్ని కేసులకు, 25 ఏళ్ల గడువు ఉన్న యావజ్జీవంతో పోలిస్తే, ఫలానా సంవత్సరపు ధరల్లో ఇంత తేడా వచ్చింది" అని రాయడం పొడుగే గానీ, ఎదుటివారు పరీక్షించుకోగల వాక్యం అదొక్కటే.

ప్రచురించే ముందు సరిచూసుకోవలసినవి:
- ఏ రకం యావజ్జీవంతో పోల్చారో మొదటి పేరాలోనే ఉందా
- కేంద్రం ఖర్చు, రాష్ట్రం ఖర్చు రెండూ ఉన్నాయా
- రెండు వైపులా సమానమైన ఖర్చులను తీసేశారా
- నిర్దోషులుగా విడుదలైనవారు, శిక్ష తగ్గినవారు లెక్కలో ఉన్నారా
- సగటు, అదనపు ఖర్చులు విడివిడిగా ఉన్నాయా
- సమాచార హక్కు జవాబుల నకళ్లు, జీవో నంబర్లు భద్రపరిచారా
- మీరు అంగీకరించే అభిప్రాయానికి వ్యతిరేకంగా వెళ్లే అంచనా కూడా పట్టికలో ఉందా

జైళ్ల గణాంకాల కొత్త నివేదిక, బడ్జెట్‌లో కొత్త వాస్తవ వ్యయం వచ్చినప్పుడు ధరల గళ్లు మాత్రమే మార్చితే సరిపోతుంది. కేసుల గుంపును మాత్రం మధ్యలో మార్చకండి. పెండింగులో ఉన్న కేసు తేలినప్పుడు దాన్ని ఒక వరుస నుంచి మరో వరుసలోకి జరిపి, మొత్తాన్ని తిరిగి కూడండి.